బ్యాలెన్స్ రూంలో బల్ల

ముందుగా ఒక సంగతి

చాలా ఏళ్ళు నేను కొత్తగా చేరిన లెక్చరర్లకు ఒక కథ చెబుతూ వచ్చాను. ఆ కథలో కాలు సరిగా లేని ఒక అమ్మాయి ఉండేది, ఆమెకు సాయం చేసిన ఒక మాస్టారు ఉండేవాడు. ఆ మాస్టారు నేనే. అందులో నేను కల్పించి చెప్పింది ఏమీ లేదు. కానీ ఒక మాట మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆ అమ్మాయి నన్ను సాయం అడగలేదు. ఒక బల్ల అడిగింది.

నేను పంజగుట్టలో ఒక యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. గొంతు దెబ్బతిని, మైకు లేకపోతే మూడో వరుసకు కూడా వినపడని పరిస్థితి వచ్చాక, అరవై నిండకముందే ఉద్యోగం మానేశాను. చివరి కొన్నేళ్ళు పాఠాలతో పాటు వికలాంగ విద్యార్థుల సెల్ బాధ్యత కూడా నాదే. ప్రతి కాలేజీలో అలాంటిది ఒకటి ఉండాలని చట్టం చెబుతుంది కాబట్టి పెట్టారు. నన్నే ఎందుకు వేశారంటే, ఆ మీటింగు జరిగిన రోజు నేను సెలవులో ఉన్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి, అరియర్ల గురించి రాయను. అవి స్టాఫ్‌రూంలో కావలసినన్ని వింటారు.

మీసం

సెల్ బాధ్యత రాకముందే నాకీ పని నేర్పినవాడు శ్రీకాంత్ అనే కరీంనగర్ కుర్రాడు. రెండు చెవులకూ మెషీన్లు పెట్టుకునేవాడు. మొదటి రోజే పిలిచి, "ముందు బెంచీలో కూర్చో నాన్నా" అన్నాను. అక్కడితో నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను.

మా కాలేజీల్లో నోట్సు చెప్పే అలవాటు ఉంది. పాఠం మధ్యలో ఆపి "రాసుకోండి" అని ఒక్కో వాక్యం చెబుతాం, పిల్లలు రాసుకుంటారు. నేను చెబుతూ నడిచేవాణ్ణి. బెంచీల మధ్యనుంచి వెనక గోడ దాకా వెళ్ళి, అక్కడ ఎవడు ఫోను చూస్తున్నాడో పట్టుకుని, మళ్ళీ ముందుకు వచ్చేవాణ్ణి. శ్రీకాంత్ ఏమో తల వెనక్కి తిప్పి నన్నే చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు కేకేశాను.

"ఏంటయ్యా, వెనక్కి తిరిగి కూర్చున్నావ్? నా మొహంలో ఏముంది? రాసుకో."

"సార్, మీరు ఎనకకు పోతే నాకు క్లాస్ బంద్ అయితది. మీ మూతి కనబడాలె సార్."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. వాడు మాత్రం నవ్వలేదు.

"నవ్వుడు కాదు సార్. ఆ మీసం సుత జర కత్తిరిస్తే మంచిగుంటది. పై పెదవి కనబడ్తలేదు."

వాడు పెదాల కదలిక చూసి మాట అర్థం చేసుకుంటాడన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. అడిగితే మొదటి రోజే చెప్పేవాడు. మీసం కత్తిరించాను. నడక మానేసి, క్లాసు వైపు తిరిగి ఒకేచోట నిలబడి నోట్సు చెప్పాను. బోర్డు మీద రాసేటప్పుడు మాట్లాడటం మానేశాను, రాయడం అయ్యాక తిరిగి మాట్లాడాను. ఫోన్లు చూసే వెనక బెంచీవాళ్ళను తెచ్చి ముందు కూర్చోబెట్టాను. వాళ్ళు శ్రీకాంత్ మీద కొన్నాళ్ళు కక్ష పెట్టుకున్నారు, తర్వాత మర్చిపోయారు.

ముందు బెంచీ నా ఆలోచన. మీసం అతని ఆలోచన. పనికొచ్చింది మీసం సంగతే. ఇంత తేలికైన పాఠం ఒకసారి నేర్చుకున్నవాణ్ణి తర్వాత ఎందుకు మర్చిపోయానన్నదే ఇక్కడ రాయవలసింది.

ఫ్యాన్లు ఆపాక

పరీక్షల గురించి ఒక మాట. చేతితో రాయడానికి ఇబ్బంది ఉన్నవాళ్ళకు, చూపు సరిగా లేక పక్కన ఒక రాతగాణ్ణి పెట్టుకుని జవాబులు చెప్పి రాయించుకునేవాళ్ళకు అదనపు సమయం ఇస్తారు. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంటుంది. హాల్లో ఏం జరుగుతుందో చెబుతాను.

గంట కొడతారు. మిగతా పిల్లలు లేచి వెళ్ళిపోతారు. ఇన్విజిలేటర్ జవాబు పత్రాలన్నీ బండిల్ కట్టి ఆఫీసులో ఇచ్చి ఇంటికి పోవాలి. ఈ ఒక్క పేపరు వస్తే గాని బండిల్ కట్టడం కుదరదు. అటెండర్ వచ్చి ఫ్యాన్లు ఆపేస్తాడు. ఊడ్చేవాళ్ళు బెంచీలు జరుపుతుంటారు. ఇన్విజిలేటర్ దారం చేతికి చుట్టుకుని వచ్చి పక్కన నిలబడి, "అయిందా? ఇంకెంత?" అంటుంటాడు. ఉక్కపోతలో, ఆ చప్పుడులో, ఆ దారం చూస్తూ ఎవరైనా ఏం రాస్తారు? సగం మంది మధ్యలోనే లేచి ఇచ్చేస్తారు. వాళ్ళకు టైము ఇచ్చామని మేం చెప్పుకుంటాం. ఆ దారం చుట్టుకుని నిలబడినవాళ్ళలో నేనూ ఉన్నాను.

సెల్ బాధ్యత వచ్చాక నేను చేసిన ఒకే ఒక్క మంచి పని ఇది: అలాంటి పిల్లలకు మొదటినుంచే వేరే గది, వేరే బండిల్ పెట్టించాను. ఎకనామిక్స్ చెప్పే ఒకాయన నన్ను కారిడార్‌లో ఆపాడు.

"ఏంటి మాస్టారూ, మీ వీఐపీలకు స్పెషల్ రూమా?"

"అవునండీ. ఏసీ కూడా అడిగాను, ఇవ్వలేదు."

చట్టం మన నుంచి అడిగేది సర్దుబాటు. పరీక్ష అదే, సిలబస్ అదే, అందుకునే దారి మాత్రం వాళ్ళకు వీలుగా ఉండాలి. దాన్ని మనం మినహాయింపుగా మార్చేస్తాం. మినహాయింపు ఇవ్వడం తేలిక, మనకు మంచిపేరు కూడా వస్తుంది. అసలు కథ ఇక్కడినుంచి మొదలవుతుంది.

సుభద్ర గారు

మా హెచ్.ఓ.డి. సుభద్ర గారిది కాకినాడ. పాఠం బాగా చెప్పేవారు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో పిల్లల లెక్కలు దిద్దేవారు. ఏ పిల్ల ఏ హాస్టల్లో ఉంటుందో, ఎవరికి ఫీజు ఇబ్బందో ఆవిడకు తెలుసు. నా పైన పనిచేసినవాళ్ళలో ఆవిడ మంచివారు. అందుకే ఈ తప్పు ఆవిడ మీద తోసేయడం నాకిష్టం లేదు.

ఆవిడకు భయం ఉండేది. నేను చేరకముందు ఎప్పుడో ల్యాబ్‌లో ఒక అమ్మాయి చేతి మీద యాసిడ్ పడింది. విచారణ ఆవిడ మెడకు చుట్టుకుంది. అప్పటినుంచి మా ల్యాబ్‌లో ఒక నియమం: ఎవరూ కూర్చోకూడదు. నిలబడినవాళ్ళ మీద ఏదైనా ఒలికితే వెనక్కి గెంతుతారు, కూర్చుంటే ఒళ్ళో పడుతుంది. నిలబడగలిగినవాళ్ళకు అది మంచి నియమమే.

నస్రీన్ అడిగింది

నస్రీన్ బోరబండ నుంచి వచ్చేది. తండ్రికి అక్కడ పరుపులు కుట్టే దుకాణం ఉంది. అన్న బండి మీద తెచ్చి గేటు దగ్గర దింపేవాడు. అప్పట్లో మెట్రో స్తంభాలు లేస్తున్నాయి, పంజగుట్ట చౌరస్తా దాటడమే ఒక పరీక్ష. అయినా ఆ పిల్ల నా ఉదయం క్లాసుకు ఆలస్యంగా వచ్చిన గుర్తు లేదు. కుడికాలికి కాలిపర్ అనే ఇనప ఊత, కుడిచేతికి మోచేతి దాకా వచ్చే కర్ర. నిలబడితే ఒక చెయ్యి ఆ కర్రకే పోతుంది.

కెమిస్ట్రీ చదవనివాళ్ళ కోసం చెబుతాను. టైట్రేషన్ అంటే ఒక ద్రవంలో ఇంకొకటి చుక్కలుగా కలిపి కొలవడం, దానికి రెండు చేతులూ కావాలి. బ్యూరెట్ అని కింద కుళాయి ఉన్న పొడవాటి గాజు గొట్టం ఉంటుంది. ఎడమచేత్తో ఆ కుళాయి తిప్పుతూ చుక్క చుక్కగా వదలాలి, కుడిచేత్తో కింద ఫ్లాస్కు కదుపుతూ ఉండాలి. ఫ్లాస్కు కింద రంగు తెలియడానికి ఒక తెల్ల పింగాణీ టైలు పెడతాం. లేత గులాబీ రంగు రాగానే ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైతే ముదురు రంగైపోతుంది, మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. ఇది వింటే వచ్చే విద్య కాదు. చేతికి అలవాటు కావాలి.

మొదటి ల్యాబ్ రోజునే ఆమె చుట్టూ చూసి, నా దగ్గరికి వచ్చింది.

"సార్, బ్యాలెన్స్ రూంల బల్ల నాకు సరిపోతది. కుర్చీ సుత ఉంది. అక్కడ కూసొని చేస్త. రెండు చేతులు ఖాళీ ఉంటయి."

బ్యాలెన్స్ రూం అంటే ల్యాబ్ పక్కనే పదార్థాలు తూకం వేసే గది. కూర్చుని తూయాలి కాబట్టి అక్కడి బల్లలు ఎత్తు తక్కువ. సుభద్ర గారి దగ్గరికి వెళ్ళాను.

"బ్యాలెన్స్ రూంలో యాసిడ్లేంటండీ! ఆవిరికి తక్కెళ్ళు పాడైపోవూ? పైగా కూర్చుని చేస్తుందా? ఒళ్ళో పడుద్ది. ఇంకో పిల్లకి ఏమన్నా అయితే నేను తట్టుకోలేను, చెబుతున్నా."

ఆ గదిలో ఒక బల్ల ఖాళీగా ఉండేది. దాన్ని ల్యాబ్‌లోకి జరిపితే తక్కెళ్ళ గొడవే లేదు. టైట్రేషన్‌లో వాడే యాసిడ్ ఎంత పలచనదో నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. ఒక రబ్బరు ఏప్రాన్ కడితే సరిపోయేది. ఈ మాటలన్నీ నా నోటిదాకా వచ్చాయి. ఆవిడతో వాదన పెట్టుకోవడం ఇష్టం లేక "సరేనండీ" అని వచ్చేశాను.

నస్రీన్‌తో ఇలా అన్నాను: "నీకెందుకమ్మా అంత శ్రమ? పార్టనర్ రీడింగులు రాసుకో. అటెండెన్స్ నేను వేస్తాను. మార్కుల గురించి ఫికర్ పెట్టుకోకు."

"మరి నాకు చేసుడు ఎట్ల వస్తది సార్?"

"థియరీలో నువ్వే ఫస్టు. అది చాలదూ?"

ఆ మాట అన్నప్పుడు చాలా మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. మా ల్యాబుల్లో పక్కవాళ్ళ రీడింగులు రాసుకోవడం కొత్తేమీ కాదు. బద్ధకం ఉన్న ప్రతివాడూ చేస్తాడు. చేస్తానని అడిగిన పిల్లకు రాసుకోమని చెప్పింది మాత్రం నేనొక్కణ్ణే.

రెండో ఏడు మళ్ళీ అడిగింది. అదే జవాబు చెప్పాను. మూడో ఏడు అడగలేదు. అడగడం మానేసింది కాబట్టి ఇబ్బంది తీరిపోయిందనుకున్నాను. ల్యాబ్ జరిగినంతసేపూ కారిడార్‌లో బెంచీ మీద కూర్చుని పుస్తకం చదువుకునేది.

ఎక్స్‌టర్నల్

చివరి ఏడు ప్రాక్టికల్ పరీక్షకు వేరే కాలేజీ నుంచి ఒకాయన ఎగ్జామినర్‌గా వచ్చారు. గట్టి మనిషని పేరు. మధ్యాహ్నం బిర్యానీ తెప్పించాం. తినేటప్పుడు సుభద్ర గారు మాట కదిపారు.

"మా అమ్మాయి ఒకర్తి ఉందండీ. కాస్త చూసి వెయ్యండి."

"అందరికీ చూసే వేస్తానండీ. కళ్ళున్నాయిగా" అన్నారాయన, లెగ్ పీసు మీదనుంచి దృష్టి మరల్చకుండా.

నస్రీన్ వంతు వచ్చింది. ఆమె నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి, "సార్, కూసొని చెయ్యచ్చా?" అని అడిగింది.

"కూర్చో అమ్మా. వద్దన్నదెవరు?" అన్నారాయన. అటెండర్‌ను కేకేసి బ్యాలెన్స్ రూంలోంచి బల్ల బయటికి తెప్పించారు. ఎంతోసేపు పట్టలేదు. మేం మూడేళ్ళు ఇవ్వనిది ఆయన మాట మధ్యలో ఇచ్చేశారు.

ఆమె కూర్చుంది. బ్యూరెట్ కుళాయి మీద చెయ్యి వేసింది. ఎంత తిప్పాలో ఆ చేతికి తెలియదు. ద్రవం ధారగా పడింది. ఫ్లాస్కు ఒక్కసారిగా ముదురు గులాబీ అయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

"ఇది ఎన్నిసార్లు చేశావమ్మా?" అని అడిగారాయన.

"ఒక్కసారి సుత చెయ్యలే సార్."

"మరి ఇన్ని ప్రయోగాలు చేసినట్టు రికార్డు రాశావే? ఈ రీడింగులెక్కడివి? దొంగ రీడింగులా?"

ఆమె నా వైపు చూసింది. పరీక్ష రాస్తున్న పిల్లలందరూ ఆమె వైపు చూస్తున్నారు.

సుభద్ర గారు మెల్లగా అన్నారు, "పాపం, ఒంట్లో బాగోదండీ. ల్యాబ్‌కి సరిగ్గా రాలేకపోయేది."

రాలేకపోవడం కాదు, మేమే రావద్దన్నాం. ఆ ఒక్క మాట నేను అనాలి. అంటే ఆయన నన్ను అడుగుతారు, పైకి రిపోర్టు పోతుంది, సుభద్ర గారి మీదికి వస్తుంది, నా మీదికి వస్తుంది. నేను ఫ్లాస్కు కింద ఉన్న తెల్ల టైలు వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆయన పాస్ మార్కులు వేశారు. కర్ర చప్పుడు చేసుకుంటూ ఆమె బయటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత టీసీ తీసుకోవడానికి వచ్చిందని తెలిసింది. ఆ రోజు నేను స్టాఫ్‌రూంలోంచి బయటికి రాలేదు.

నేను చెప్పిన కథ

కొన్నేళ్ళకు సుభద్ర గారు రిటైరయ్యారు, నాకు సెల్ బాధ్యత వచ్చింది. ప్రతి ఏడూ కొత్త లెక్చరర్లకు సెమినార్ హాల్లో ఒక ప్రసంగం చెప్పాలి. చట్టం గురించి చదివితే అందరూ నిద్రపోయేవాళ్ళు. ఒకసారి ఉన్నట్టుండి నస్రీన్ సంగతి ఎత్తుకున్నాను.

"మా దగ్గర నస్రీన్ అని ఒక అమ్మాయి చదివింది. నిలబడటం కష్టం. ల్యాబ్ పని నుంచి మినహాయింపు ఇచ్చాం, అటెండెన్స్ ఇచ్చాం, నిబంధనలు అడ్డు రానివ్వలేదు. డిగ్రీ పూర్తి చేసుకుని వెళ్ళింది. మనసుంటే ఎంతైనా చెయ్యవచ్చు."

చప్పట్లు కొట్టారు. తర్వాతి ఏడు మళ్ళీ చెప్పాను. చెప్పగా చెప్పగా నాకు కూడా అదే నిజమనిపించింది. ఉద్యోగం మానేశాక కూడా ఆ ప్రసంగానికి నన్నే పిలిచేవారు.

కిందటి జూన్‌లో ప్రసంగం అయ్యాక, కెమిస్ట్రీలో కొత్తగా చేరిన హారిక అనే అమ్మాయి నా కోసం ఆగింది.

"సార్, మీరు చెప్పింది బోరబండ నస్రీన్ మేడమ్ గురించేనా?"

"నీకు తెలుసా?"

"ఎమ్మెస్సీ అయ్యాక ఉద్యోగం దొరక్క మైత్రీవనంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకున్నాను సార్. మేడమే పాఠం చెప్పారు. ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజు ఒకటే మాట చెప్తారు. 'కీబోర్డు మీద ఎవరి చెయ్యి వాళ్ళే పెట్టాలె. పక్కోళ్ళ అవుట్‌పుట్ రాసుకుంటే బయటికి పంపిస్త' అని. ఎందుకు మేడమ్ అంత కోపం అంటే, నేను ఒకసారి రాసుకున్న, నన్ను రాసుకొమ్మన్నరు, అని నవ్వుతారు."

హారిక నసుగుతూ ఇంకొకటి చెప్పింది.

"ఇప్పుడు మా దగ్గర కీర్తన అని వీల్‌చెయిర్‌లో వచ్చే అమ్మాయి ఉంది సార్. తనకు కూడా ల్యాబ్ వద్దన్నారు. ఎందుకని నేనడిగితే, 'మన దగ్గర నస్రీన్ పద్ధతి ఉంది కదమ్మా' అన్నారు."

తప్పు ఒకసారి చేసి వదిలేశాననుకున్నాను. నేను దాన్ని పద్ధతి చేసి పెట్టానని అప్పుడు తెలిసింది. కీర్తన ఇంకో నాలుగైదు నెలల్లో ప్రాక్టికల్ పరీక్షకు కూర్చుంటుంది. ఇంకో ఎక్స్‌టర్నల్ వస్తాడు, ఎన్నిసార్లు చేశావమ్మా అని అడుగుతాడు.

మైత్రీవనం

నేను ఉండేది అమీర్‌పేటలోనే. మైత్రీవనం ముందునుంచి రోజూ కూరగాయలకు వెళ్తాను. చేతిలో కరపత్రాలు కుక్కేవాళ్ళు "జావా సార్, డేటా సైన్స్ సార్" అంటూ నా వయసు చూసి వెనక్కి తగ్గుతారు. ఆ మెట్లెక్కడానికి మాత్రం నాకు మూడు వారాలు పట్టింది. హారిక చెప్పిన ఇన్‌స్టిట్యూట్ పైన ఉంది. క్లాసు జరుగుతుంటే తలుపు దగ్గర నిలబడ్డాను. నస్రీన్ ఎత్తు తక్కువ బల్ల ముందు కూర్చుని చెబుతోంది. కర్ర గోడకు ఆనించి ఉంది. అయిపోయాక చూసింది.

"అరే, కెమిస్ట్రీ సార్! మీరు సుత టెస్టింగ్ నేర్చుకోనీకి వచ్చిండ్రా? డెమో క్లాస్ రేపు సార్."

పిల్లలు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. నేను ఇంట్లో అనుకుని వచ్చిన మాటలు అప్పజెప్పాను. బల్ల ఇప్పించలేదని, నాది తప్పని, క్షమించమని. ఆమె చివరిదాకా విన్నది.

"బల్ల ఇయ్యలేదని నాకు కోపం లేదు సార్. మొదట్ల ఉండె. తర్వాత నాకు సుత ఆరాం అనిపించింది, అబద్ధమెందుకు. చెయ్యకుండానే మార్కులొస్తున్నయి. ఆ ఎక్స్‌టర్నల్ సార్ కూడా ఉన్నదే అడిగిండు. కానీ ఆయన దొంగ రీడింగులా అన్నప్పుడు నేను మీ దిక్కు చూసిన. మీరు టైలు దిక్కు చూసిండ్రు."

"అవును."

"ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌కు ఫారం నింపి పెట్టుకున్న. రాయలే. ఇంకో ల్యాబ్‌ల ఇంకో సార్ అడిగితే ఏం చెప్పాలె? మా అబ్బా ఏమో, మన పరుపుల దుకాణంల కూసో బిడ్డా, అక్కడ నిలబడే పనే లేదు అన్నడు. పాపం, ఆయనకు తెల్వక."

నేను కీర్తన సంగతి చెప్పాను. ఆమె మొహంలో నవ్వు పోయింది.

"ల్యాబ్ టైంల ఆ పిల్ల ఎక్కడుంటది?"

"తెలియదు."

"కారిడార్‌లనే ఉంటది సార్. ఆ జాగా నాకు తెలుసు. మా క్లాసోళ్ళ నవ్వులన్నీ అక్కడికి వినబడ్తయి." గోడకున్న కర్ర అందుకుంటూ అంది. "మీరు నా పేరు మైకుల చెప్పిండ్రట కదా. హారిక చెప్పింది. మరి మాఫీ ఏంది సార్, ఈడికొచ్చి తలుపు ఎనక నిలబడి అడుగుతున్నరు? మైకుల చెప్పింది మైకులనే తీసెయ్యాలె. ముందు ఆ పిల్లకు బల్ల ఇప్పియ్యండి."

"నువ్వు వస్తావా ఆ రోజు?"

"నేను రాను. నన్ను చూస్తే మీరు మళ్ళ తియ్యగ మాట్లాడ్తరు."

మళ్ళీ మైకు

ఇప్పటి హెచ్.ఓ.డి. నా కంటే చిన్నవాడు, ఒకప్పుడు నా కిందే పనిచేశాడు. కీర్తనకు బల్ల, నాకు ఇంకోసారి మైకు అడిగాను. "మాస్టారూ, పాతవన్నీ ఇప్పుడెందుకండీ? కాలేజీ పేరు కదా" అన్నాడు. కీర్తన మినహాయింపు కాగితం మీద సంతకం తనదని, రేపు ఎక్స్‌టర్నల్ అడిగితే జవాబు తనే చెప్పుకోవాలని గుర్తు చేశాను. కాసేపు పెన్ను తిప్పుకుంటూ కూర్చున్నాడు. బల్లకు ఒప్పుకున్నాడు. ప్రసంగానికి ఒప్పుకోవడానికి ఇంకో రెండుసార్లు వెళ్ళవలసి వచ్చింది.

బల్ల అదే. ఊగకుండా ఒక కోడు కింద అట్టముక్క పెట్టవలసి వచ్చింది. వీల్‌చెయిర్ చేతులు దాని కిందికి పట్టలేదు. ఎత్తు చాలదని కీర్తనే చెప్పింది, నాలుగు కోళ్ళ కిందా చెక్కలు పెట్టించాం. ఏప్రాన్ కట్టుకుని మొదటి టైట్రేషన్ చేసింది. ఫ్లాస్కు ముదురు గులాబీ అయింది.

"అయ్యో మేడమ్, జ్యూసయిపోయింది!"

"పారబోసి మళ్ళీ చెయ్" అంది హారిక. వెనక బల్లల దగ్గర నవ్వారు. కీర్తన కూడా నవ్వింది. నేను తలుపు దగ్గరినుంచి చూశాను. ఎన్నోసారికి లేత రంగు వచ్చిందో లెక్క పెట్టలేదు. వచ్చింది.

కొత్త లెక్చరర్లతో పాటు డిపార్ట్‌మెంట్ వాళ్ళందరినీ సెమినార్ హాల్‌కి పిలిచారు. నస్రీన్ రాకపోయినా వింటానందని, హారిక తన ఫోను ఆమెకు కలిపి, స్పీకర్ పెట్టి నా ముందు బల్ల మీద ఉంచింది. అవతల ఎవరో విద్యార్థి "మేడమ్, కోడ్ రన్ కావట్లే" అంటున్నాడు. "ఆగు బాబు, ఒక్క నిమిషం" అంది నస్రీన్.

మైకు తీసుకుని ఆ కథ మొదటినుంచీ చెప్పాను. ఈసారి బల్లతో సహా, తెల్ల టైలుతో సహా. "నస్రీన్ పద్ధతి" అని మీరంటున్నది నస్రీన్‌ది కాదని, నాదని చెప్పాను. అప్పుడు ఫోను వైపు తిరిగాను.

"నస్రీన్, నువ్వు ల్యాబ్‌కి వస్తానన్నావు. రావద్దన్నది నేను. నువ్వు రెండుసార్లు బల్ల అడిగావు. రీడింగులు రాసుకోమన్నది నేను. దొంగ అన్న మాట నేను పడాల్సింది, నువ్వు పడ్డావు. నేను అక్కడే ఉండి నోరు తెరవలేదు. తర్వాత ఇదే హాల్లో నీ పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఇవాళ ఎవరూ చప్పట్లు కొట్టవద్దని అడుగుతున్నాను. నన్ను క్షమించు."